కొల్లేటి ఓరిమి

కృష్ణయు గోదావరియు తాము తెచ్చిన ఒండ్రుమట్టితో సముద్రమును వెనుకకు నెట్టుచు, వేలయేండ్లుగా తమ తమ డెల్టాలను పెంచుకొనుచు పోగా, ఆ రెండింటి నడుమ ఏ నదియు పూడ్చని పల్లమొకటి మిగిలిపోయినది. వాయవ్యమున ఏలూరు, దక్షిణమున కైకలూరు, ఆగ్నేయమున ఆకివీడు ఎల్లలుగా గల ఆ పల్లములో నిలిచిన నీరే కొల్లేరు. మైలవరపు కొండలనుండి బుడమేరును, ఖమ్మము మెట్టలనుండి తమ్మిలేరును, వానితోపాటు రామిలేరు, గుండేరు మొదలగు చిన్న యేళ్లును, డెల్టా పొలముల మురుగును మోయు కాలువలును వచ్చి అందులో చేరును. వెలుపలికి పోవుటకు మాత్రము ఉప్పుటేరను దారి యొక్కటే కలదు. ఆ యుప్పుటేరు సుమారు 60 కిలోమీటర్లు వంకరలు తిరిగి బంగాళాఖాతమున కలియును. నేలవాలు మిక్కిలి స్వల్పమగుటచేత దాని నడక మందము. సముద్రము పోటుమీద నున్నవేళ అది నడచుట మాని నిలుచును, ఒక్కొక్కప్పుడు వెనుకకును మరలును. ఒడ్డున నిలిచి చూచువానికి కొల్లేటినీరు నిద్రించుచున్నట్లు తోచును గాని, నిజమునకు అది సముద్రము త్రోవ యిచ్చువఱకు తన వంతుకై వేచియున్నది.

వేచియుండుటకు చోటు కావలెను. ఆ చోటు ఎంతయో తెలిసికొనవలెనన్న సర్వేవారి లెక్కలు చూడవలెను. సముద్రమట్టమునకు మూడడుగుల ఎత్తున నీరున్నప్పుడు కొల్లేరు 135 చదరపు కిలోమీటర్లు, ఐదడుగులకు 308, పదడుగులకు 901. మనిషి నిలువెత్తు నీరు పెరిగిన మాత్రమున సరస్సు మూడింతలగుట మఱియొకచోట అరుదుగా కనబడును. పళ్లెమువలె వెడల్పై లోతులేని నేల యగుటచేత అక్కడ వరద మీదికి లేవదు, ప్రక్కకు పఱచుకొనును. ఎంత వాన కురిసినను దానిని కొంత కొంతగా ఉప్పుటేటికి అప్పగించుచు, క్రింది డెల్టా పొలములకు ముంపు తగ్గించును. ఈ నింపాదితనమును చూచియే అక్కడి జనులు తమ బ్రదుకును దిద్దుకొనిరని నా యభిప్రాయము.

అయితే పాతకాలపు వ్రాతలలో కొల్లేటికి శాంతము మొదటి గుణముగా కనబడదు. ఏలూరికి ఉత్తరమున నున్న నేటి పెదవేగియే ఒకనాటి వేంగీపురము. శాలంకాయనులకును, పిమ్మట తూర్పు చాళుక్యులకును అది రాజధాని. నాల్గవ శతాబ్దమునాటి సముద్రగుప్తుని ప్రయాగ ప్రశస్తిలో, ఓడి విడువబడిన దక్షిణాపథ రాజుల వరుసయందు వేంగీశుడగు హస్తివర్మ పేరు కలదు. క్రీ.శ. 634 నాటి ఐహోళె శాసనములో రవికీర్తి తన ప్రభువైన రెండవ పులకేశి విజయములను వర్ణించుచు, కునాల సరస్సు నీరు హతుల నెత్తుటిచేత రంగు మాఱెనని చెప్పెను. ఆ కునాలము కొల్లేరేయని శాసనపండితులు నిర్ణయించిరి. రాజులు దీనిని కోరుటకు కారణము సులభముగా ఊహింపవచ్చును. చుట్టును నీరు, నడుమ లంకలు, దారి తెలిసినవానికే దారి. అట్టిచోట దాగినవానిని పట్టుట కష్టము, ముట్టడించుట మఱియు కష్టము.

దండి దశకుమారచరిత్రమున మంత్రగుప్తుని కథ ఆంధ్రనగరి సమీపమున ఒక మహాసరస్సు తీరమున నడచును. దానిని కూడ కొల్లేరుగానే కొందఱు పండితులు గుర్తించిరి. ప్రియురాలి పంటిగాట్లచేత పెదవులు నొచ్చిన మంత్రగుప్తుడు ఓష్ఠ్యాక్షరములను విడిచి తన కథనంతయు చెప్పుట ఆ యుచ్ఛ్వాసములోని చమత్కారము. దానిని మెచ్చుకొనువారు చాలమంది. నాకు మాత్రము కథలోని మఱియొక యంశము ముఖ్యముగా తోచును. కళింగరాజును బందీగా పట్టుకొనిపోయిన ఆంధ్రరాజును చంపుటకై మంత్రగుప్తుడు తపస్వి వేషమున ఆ సరస్సు ఒడ్డున చేరి, జనుల నమ్మకము సంపాదించి, ఆ నీట మునిగి లేచినచో రాజునకు క్రొత్త రూపము సిద్ధించునని బోధించి, తాను మున్నే గట్టున త్రవ్వియుంచుకొన్న గుంటలో నీటిమాటున దాగి కాచుకొనియుండి, రాజు మునుగగానే పట్టి చంపి, క్రొత్త రూపము దాల్చిన రాజుగా తానే పైకి వచ్చెను. నిలిచిన నీటియొద్ద ఓర్పుతో వేచినవారిలో మన సాహిత్యమునకు తెలిసిన ప్రాచీనులలో నొకడు ఇట్టి హంతకుడగుట విచిత్రమే. ఓర్పు ఎల్లవేళల సాధుగుణమే యని నమ్మువారు ఈ కథను చదువుట మంచిది.

లంకవాసులు తమ పూర్వచరిత్రగా చెప్పుకొను కథ ఇంతకంటె దుఃఖకరమైనది. ఓఢ్రదేశపు రాజగు లాంగూల గజపతికి కొల్లేటికోటలో దుర్గముండెడిదట. శత్రువులు ఒడ్డునగల చిగురుకోటలో దిగి, నీరున్నంతకాలము కోట లొంగదని గ్రహించి, సరస్సును ఎండగట్టుటకై సముద్రమువఱకు కాలువ త్రవ్వింప మొదలుపెట్టిరట, అదియే ఉప్పుటేరైనదట. ఆ యాపద తప్పుటకు ఓఢ్ర సేనాని తన కన్నకూతురినే బలియిచ్చెననియు, ఆ కాలువకు పేరంటాల కనమయను పేరు అందుచేతనే వచ్చెననియు చెప్పుదురు. కొల్లేటి వడ్డీ కులమువారు తాము ఆ సైనికుల సంతతి వారమని చెప్పుకొందురు. ఉప్పుటేరు ఒక సేన త్రవ్విన కాలువ కాజాలదని నేలను చూచినవారెవరైనను చెప్పగలరు. అయినను ఈ కథను కట్టిన జనుల మనస్సు గమనింపదగినది: నీటిని నిలువనీయక తొందరగా తోలివేయవలెనను ఆలోచన వారి కథలో శత్రువునకు పుట్టెనే గాని తమవారిలో నొకనికి పుట్టలేదు.

కొల్లేటి సంవత్సరము పంచాంగమునుబట్టిగాక నీటినిబట్టి నడచును. మృగశిర చొచ్చి తొలకరి పడినతోడనే ఏళ్లలో క్రొత్తనీరు దిగును. గొరకలును జెల్లలును ఆ నీటికి ఎదురెక్కుటకు సిద్ధమగును. ఆరుద్ర, పునర్వసు కార్తెలలో మెట్టరైతు ఆకాశమువంక చూచును గాని లంకవాడు తన గుమ్మము ముందరి మెట్టువంక చూచును. ఆశ్లేష, మఖలు దాటునప్పటికి నీరు దిబ్బను చుట్టుకొనును. హస్త చిత్తలలో వాయుగుండము పట్టెనా, నీరు ఎంతవఱకు వచ్చునో చెప్పువాడు లేడు. మట్టిదిబ్బ మీద మట్టిదిబ్బ పోసి ఎత్తుచేసికొన్న ఇండ్లలోనికి కూడ అది వచ్చిన సంవత్సరములు కలవు. కార్తికమునుండి తగ్గుట మొదలు. ఆ తగ్గుటయు పెరుగుటవలెనే మెల్లనిది. ఫాల్గునమునాటికి ఒడ్డు బయటపడి, ఆరిన నేలలో దాళ్వా వరి నాటువారు నాటుకొనగా, కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ తిరునాళ్లు జరుగును. జలదుర్గయని పేరుగల ఆ తల్లిని దర్శించుటకు రోడ్డులేని కాలమున నలుదిక్కులనుండి జనులు దోనెలమీదనే వచ్చెడివారు. లంకవారికి పెండ్లి పేరంటములకు, అప్పు తీర్చుటకు, తగవు తెంపుటకు కూడ నీరు తీయు వేసవియే అనువైన కాలము.

అక్కడి చేపలవేట విధానములను గమనించినచో ఈ ఓరిమి ఎట్లు వృత్తిలోనికి ప్రవేశించెనో తెలియును. సముద్రపు జాలరి చేపను వెదకికొని పోవును. కొల్లేటివాడు చేప పోవుదారి తెలిసికొని అక్కడ మావు కట్టును. వెదురుబద్దలతో అల్లిన ఆ బుట్టకు లోనికి పోవుటకు త్రోవయే గాని వెలుపలికి వచ్చుటకు త్రోవ లేదు. సాయంకాలము కిక్కిసల నడుమ, జమ్ము మొదళ్లయొద్ద మావులను దించి, తెల్లవాఱుజామున దోనె వేసికొనిపోయి ఎత్తవలెను. నడిరేయి తొందరపడి ఎత్తినవానికి ఆ తావు చెడును. కొరమీను గ్రుడ్లను కాచుచు ఎక్కడ తిరుగునో, మట్టగిడస ఎట్టి బురదను కోరునో, మార్పుచేప ఎంత నీరు తగ్గిన పిమ్మట గుంటలలోనికి చేరునో, ఇవియన్నియు పుస్తకమున వ్రాయబడని విద్యలు. ముసలివాని వెనుక దోనెలో కూర్చుండి, మాటాడక, చూచి నేర్చుకొనవలసినవి. ఆ దోనెయు తాటిమ్రాను తొలిచి చేసినదే. రెండు దోనెలను జతగా కట్టినచో ధాన్యమును, పశువుల మేతను, పెండ్లివారిని కూడ మోయును. లోతులేని నీటిలో తెడ్డుకంటె గెడ మేలు. గెడ వేయువాడు తొందరపడినచో గెడ బురదలో దిగబడి దోనె ముందునకు పోవును, మనిషి వెనుక మిగులును.

ముసురు పట్టిన దినములు లంకలో వేఱొక విధమైనవి. పది దినములు విడువక చినుకు పడుచుండగా, పొయ్యిలో తడికట్టె పొగయుచుండగా, పురుషులు చూరుక్రింద కూర్చుండి వలల చినుగులు కట్టుదురు, మావులకు బద్దలు చీల్చుదురు. స్త్రీలు వేసవిలో కోసి ఎండబెట్టిన తుంగతో చాపలల్లుదురు. ఏలూరు సంతకు పోవుటకు వీలుపడదు. ఉన్న ఉప్పు, మిరపకాయ, ఎండుచేపలతో గడుపవలెను. ఒకప్పుడు కొల్లేటినీరే వారికి త్రాగునీరు. ఇదంతయు కవులకు రమణీయముగా కనబడవచ్చును. కాని ఆ ముసురులో చలిజ్వరము పట్టినవాడును, నొప్పులు మొదలైన గర్భిణియు దోనెమీద ఒడ్డునకు చేరునంతలో ఏమగుదురో తలచుకొన్నచో ఆ రమణీయత కొంత తగ్గును. ఓరిమి పేదవాడు తానుగా కోరుకొన్న వ్రతము కాదు; వేఱు దారి లేక అలవఱచుకొన్నది. అయినను అలవడిన పిమ్మట అది వారి నడవడిలో ఒక గాంభీర్యముగా నిలిచిన మాట కాదనలేము. లంకలలో తగవు వచ్చినప్పుడు కులపెద్దలు ఇరుపక్షములవారిని పూర్తిగా మాటాడనిచ్చి, తెల్లవాఱువఱకైన కూర్చుండి, పిమ్మటనే తీర్పు చెప్పెడివారు.

ఇదే వానకు చింతలపూడి మెట్టలోని రైతు ఎదురుచూచు తీరు భిన్నమైనది. అక్కడ కార్తెలు వట్టిగా పోయినచో గ్రామస్థులు రామాలయములో విరాటపర్వము చదివించుదురు. తెలుగుదేశమున అన్నియెడల ఉన్న ఆచారమే యిది. విరాటుని కొలువులో మారువేషములతో ఒక సంవత్సరము మాటపడి, నోరెత్తక, గడువు తీఱువఱకు కాచుకొనియున్న పాండవుల కథను వానకొఱకు ఎదురుచూచు జనులు ఎన్నుకొనుటలో ఎంతయో ఔచిత్యమున్నది. భీముని కోపమును ధర్మరాజు ఆపినట్లే ఆ పురాణము వినువారు తమ యాతురతను ఆపుకొనవలెను. చిత్రమేమన, మెట్టరైతు ప్రార్థన ఫలించి తమ్మిలేరు పొంగినచో ఆ నీరు ఏలూరు పట్టణమును ఒరసికొనుచు వచ్చి కొల్లేటి లంకవాని గుమ్మమెక్కును. ఒకరి వరము మఱియొకరి పరీక్ష యగుచు, రెండు జనసమూహములు ఒక్కయేటి రెండు కొనలయందు శతాబ్దములుగా కాపురమున్నవి.

పందొమ్మిదవ శతాబ్దమున నీటి నడక మాఱినది. 1832లో వచ్చిన నందన కరువు ఈ జిల్లాలను పీనుగుల పెంటగా చేసినపిమ్మట, ఆర్థరు కాటన్ దొర పూనికతో 1847లో మొదలై 1852లో ధవళేశ్వరము ఆనకట్ట ముగిసెను. 1855నాటికి బెజవాడ ఆనకట్టయు లేచెను. అటునుండి గోదావరి కాలువ నిడదవోలు, తాడేపల్లిగూడెములమీదుగా వచ్చి, ఇటునుండి కృష్ణకాలువ వచ్చి, రెండును ఏలూరిలో కలిసికొన్నవి. తాడేపల్లిగూడెము దాపున నందమూరు అక్విడక్టుయొద్ద పైన కాలువయు క్రింద ఎఱ్ఱకాలువయు ఒకదానినొకటి ముట్టక దాటిపోవుట నేటికిని చూడదగినది. రైలు రాకముందు రాజమహేంద్రవరమునుండి బెజవాడకు పడవప్రయాణమే సుఖప్రయాణము. గాలి అనుకూలించిన తెరచాప, లేకున్న గట్టుమీద మోకు పట్టి లాగు మనుష్యులు. లాకులయొద్ద తలుపులు మూసి, నీరు ఎక్కువఱకో దిగువఱకో పడవలన్నియు నిలువవలెను. ఆ నిలిచిన కొంతసేపట వంటలు, బేరములు, పెండ్లి సంబంధములు కూడ కుదిరెడివని పెద్దలు చెప్పగా విన్నాము. ఇక కొల్లేటికి కలిగిన మార్పేమన, వానాకాలపు నీటికి తోడు సార్వా పొలముల మురుగంతయు దానికే వచ్చి చేరసాగినది. డెల్టా సిరికి కావలసిన ఓర్పును కొల్లేరు మఱికొంత పెంచుకొనవలసివచ్చెను.

మనుష్యులకంటె ముందే ఈ నీటియొద్ద వేచియుండ నేర్చినవి పక్షులు. 1946లో కె.కె. నీలకంఠన్ అను కేరళ పక్షిశాస్త్రజ్ఞుడు కొల్లేటి ప్రాంతమున గూడబాతులు గుంపులుగా గూళ్లు కట్టి పిల్లలను పెంచుచుండుట కనుగొని, తరువాత లోకమునకు వెల్లడించెను. అప్పటికి నలువది యేండ్లుగా భారతదేశమున అట్టి గూడబాతుల నెలవు వేఱొకటి శాస్త్రజ్ఞులకు కొత్తగా తెలియరాలేదు. 1970 దశకము నడుమ ఆ గుంపు కనబడకుండ పోయినది. ఇప్పుడు ఆటపాకయొద్ద చెట్లు చాలక, అటవీశాఖవారు నిలువబెట్టిన ఇనుప మంచెలపై అవి మరల సంసారము చేయుచున్నవి.

1976లో ప్రభుత్వము వడ్డీలకును హరిజనులకును సహకార సంఘములు కట్టించి, సరస్సులో చేపలచెరువులు త్రవ్వించి యిచ్చెను. దానిని నేను తప్పుపట్టను. తరతరములుగా నీటి దయకొఱకు వేచినవానికి, గట్టు లోపల తనదని చెప్పుకొనదగిన నీరు దొరకుట చిన్న సంగతి కాదు. కాని బొచ్చెకును శీలావతికిని కలకత్తా అంగడిలో ధర పలుకుచున్నదని తెలిసినపిమ్మట, పట్టణములలోని పెట్టుబడిదారులు సంఘముల చెరువులను లీజుకు తీసికొనిరి. లీజు చెరువుల ప్రక్కన అనుమతిలేని చెరువులు వెలసినవి. వందలకొలది గట్లు లేచి, నీరు ప్రక్కకు పఱచుకొనుటకు చోటు లేకపోయెను. మిగిలిన నీటిని గుఱ్ఱపుడెక్క కప్పివేసినది. లంకవాడు తన దిబ్బమీదనే యుండి, తన తాత మావు కట్టిన తావున కూలికి మేత చల్లువాడాయెను. 1999లో ఐదడుగుల కాంటూరు లోపలి నేలను అభయారణ్యముగా ప్రకటించిరి. 2002లో చిత్తడినేలల రామ్‌సర్ జాబితాలో చేర్చిరి. 2006లో న్యాయస్థానపు ఒత్తిడిమీద, యంత్రములతోను మందుగుండుతోను గట్లను పగులగొట్టించిరి. పగిలిన గట్లలో కొన్ని మరల లేచినవి. ఐదడుగుల గీతను మూడడుగులకు దించవలెనని 2008లో శాసనసభ తీర్మానించెను. ఆ రెండడుగుల నడుమనున్న 173 చదరపు కిలోమీటర్ల నేలను గూర్చిన వాదము ఇంకను ముగియలేదు.

2024 సెప్టెంబరు మొదటివారమున బుడమేరు తెగి విజయవాడలో పెద్దభాగమును ముంచినపుడు, ఆ నీరంతయు తరువాత కొల్లేటికే వచ్చినది. చినయెడ్లగాడి వంతెనయొద్ద ఏలూరు–కైకలూరు రోడ్డు మునిగి రాకపోకలు ఆగిపోయినవి. లంకలవారు మరల పడవలెక్కిరి. నగరమున నీరు తీసిన పిమ్మటను లంకలలో అది చాలదినములు కదలలేదు, ఉప్పుటేరు పాతరీతినే తన తీరికనుబట్టి లాగుచుండెను. ఇట్టి సంవత్సరములలో చెరువుల గట్లు మునిగి, లక్షల ఖరీదుగల బొచ్చెలును శీలావతులును హద్దులు దాటి సరస్సులోనికి పోవును. లీజుదారుడు నష్టము లెక్కవేసికొనుచుండగా, లంకలలో అటకమీద పడియున్న పాత మావులను దింపి బద్దలు సరిచేసికొనువారును కలరు.